కోడి తొక్కిన చక్కెర

మా అత్త గ్రాసియాకి చక్కెర చెయ్యడం రాదు. ఆవిడ బతికున్నంత కాలం ఈ మాట నేను పైకి అనలేదు. అంటే నా వీపు సంగతి దొర చూసుకునేవాడు, నా తిండి సంగతి మా అత్త చూసుకునేది. ఇప్పుడు ఇద్దరూ లేరు కాబట్టి చెబుతున్నాను. బార్బడోస్ దీవిలో తెల్ల చక్కెర అంటే ఎవరి పేరు చెప్పుకునేవారో, ఆ మనిషికి పాకం ఎప్పుడు దించాలో తెలియదు. కాగులో సున్నం ఎంత వెయ్యాలో తెలియదు. గానుగ పక్కకి వెళ్ళమంటే ఏదో పని చెప్పి తప్పుకునేది. ఆవిడకి తెలిసిందల్లా కోళ్ళు.

కోళ్ళ సంగతి మాత్రం ఆవిడ్ని అడగాల్సిందే. ఏ పెట్ట ఎప్పుడు పొదుగుకి కూర్చుంటుందో, ఏది పొదల్లో దొంగచాటుగా గుడ్లు పెట్టి వస్తుందో, ఏ పుంజు పైకి వేషాలే తప్ప పనికి రాదో ఒక్క చూపుతో చెప్పేది. నన్ను కూడా మొదట్లో ఆ చివరి రకంలోనే కలిపింది. బ్రెజిల్‌లో పెర్నంబూకో అనే చోట పోర్చుగల్ నుంచి వచ్చిన ఒక బుడతకీచు దొర చక్కెర తోటలో ఆవిడ పని అదే. అంగోలా నుంచి ఓడలో తెచ్చి, తల మీద నీళ్ళు చల్లి గ్రాసియా అని పేరు పెట్టి, కోళ్ళ గూడు తాళం చేతికిచ్చారు. పాతికేళ్ళు ఆ గూడు దగ్గరే గడిచాయి. ఆ తర్వాత బుడతకీచులూ డచ్చివాళ్ళూ ఆ దేశం నాదంటే నాదని కొట్టుకున్నారు. అది ఇద్దరిదీ కాదు, ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ గొడవలో తోట తగలబడింది. ఒక డచ్చి వర్తకుడు దొరికినవాళ్ళని దొరికినట్టు ఓడెక్కించి మా దీవికి తెచ్చాడు. అలా మా అత్త వచ్చింది, పన్నెండేళ్ళ కూతురి చెయ్యి పట్టుకుని. కూతురి పేరు కసూలె. వాళ్ళ భాషలో ఆఖరి బిడ్డ అని అర్థం. ముందు పుట్టిన ముగ్గురూ ఏమయ్యారని నేను ఒకే ఒక్కసారి అడిగాను. మళ్ళీ అడగలేదు.

అప్పటికి మా దీవిలో దొరలందరికీ చక్కెర పిచ్చి పట్టింది. నిన్నటిదాకా పొగాకు వేసినవాళ్ళు అడవి కొట్టించి చెరుకు పెట్టారు. కొట్టింది మేము, నాటింది మేము, అలసిపోయింది మాత్రం వాళ్ళు. చెరుకు బాగానే పండింది గానీ చక్కెర చెయ్యడం ఒక్కడికీ రాదు. మా పెన్‌ఫోల్డ్ దొర మొదటి ఏడు చేయించిన సరుకు లండన్ చేరేసరికి పీపాల్లోంచి సగం కారిపోయింది. మిగిలిన సగం చూసి అక్కడి వ్యాపారి, ఓడలకి పూసుకోవడానికి తారు పంపినందుకు చాలా సంతోషం, చక్కెర ఎప్పుడు పంపుతున్నారు అని ఉత్తరం రాశాడట. ఆ ఉత్తరాన్ని దొర భోజనాల బల్ల దగ్గర దొరసానికి చదివి వినిపించాడు. వడ్డించే మనిషి కూడా వింది. సాయంత్రానికి మా గుడిసెలన్నీ విన్నాయి. ఆ వారమంతా ఎవరికి ఒళ్ళు నొప్పులున్నా నవ్వుకుంటూనే పడుకున్నారు.

అందుకని పెర్నంబూకో చక్కెర తోట నుంచి ఒక మనిషి దిగిందనగానే దొర రేవుకి పరుగెత్తాడు. వెంట సామాను మోయడానికి నేనూ ఉన్నాను. బుడతకీచు భాష కొంచెం వచ్చిన నావికుడొకడు మధ్యన నిలబడ్డాడు. నిజంగానే వాడికి కొంచెమే వచ్చు.

"చక్కెర కొట్టులో ఉండేదా?" అని అడిగించాడు దొర.

"ఉండేదాన్ని," అంది మా అత్త. కోళ్ళ గూడు చక్కెర కొట్టు గోడని ఆనుకునే ఉండేది కాబట్టి అది అబద్ధం కాదు.

"ఎన్నేళ్ళు?"

"పాతికేళ్ళు."

"చక్కెర గురించి తెలుసా?"

"తెలుసు. తియ్యగా ఉంటది."

ఈ చివరి ముక్కని నావికుడు ఎలా మార్చి చెప్పాడో గానీ దొర మొహం వెలిగిపోయింది. తీసుకుంటానన్నాడు. పిల్ల అక్కర్లేదన్నాడు. అప్పుడు మా అత్త కూతుర్ని వెనక్కి లాక్కుని, "ఇది పక్కన లేకపోతే నాకు పని గుర్తుకు రాదని చెప్పు," అంది నావికుడితో. దొరతో ఆవిడ ఆడిన మొదటి అబద్ధం అదే. అది అబద్ధం కాదని చివరిదాకా వాదించేది.

నా పేరు యావ్. గురువారం పుట్టాను కాబట్టి యావ్. ఆఫ్రికాలో మా అకాన్ జాతి వాళ్ళలో పుట్టిన వారాన్ని బట్టే పేరు. దొర మాత్రం నాకు హానిబాల్ అని పెట్టాడు. ఎవడో పాతకాలపు సేనాపతి అట, ఏనుగులెక్కి కొండలు దాటాడట. నాకు గాడిదని కూడా ఇవ్వలేదు. నా పని కుండల కొట్టులో. కాగిన పాకాన్ని గరాటు లాంటి పెద్ద పెద్ద మట్టికుండల్లో పోస్తారు. కుండ అడుగున చిల్లు ఉంటుంది. ఆ చిల్లులోంచి మడ్డి కారిపోయి, లోపల చక్కెర మిగలాలి. మాకు మిగిలేది నల్లటి జిగురు ముద్ద.

మర్నాడు పొద్దున్నే దొర మా అత్తని కొట్టులోకి తీసుకొచ్చి, వరసగా పేర్చిన కుండల ముందు నిలబెట్టి, "ఊఁ, చెయ్యి," అన్నాడు. సైగ కూడా చేశాడు. ఆవిడ కుండల్ని చూసింది, కప్పు చూసింది, నన్ను చూసింది. చాలాసేపు మాట్లాడలేదు. అంతసేపు మాట్లాడకపోవడం చూసి దొరకి గౌరవం పెరిగింది. చివరికి ఆవిడ, ఓడలో నేర్చుకున్న నాలుగు ఇంగ్లీషు ముక్కల్లోంచి ఏరుకుని, "కోడి కావాలి," అంది.

ఎందుకలా అన్నావని తర్వాత ఎప్పుడో అడిగితే, "ఏం చెప్పాలో తోచలేదురా. నోట్లో ఉన్న మాట అదొక్కటే," అంది.

దొర రెండడుగులు వెనక్కి వేశాడు. "కొయ్యడానికా? నా కొట్టులో మంత్రాలూ తంత్రాలూ కుదరవు. నేను క్రైస్తవుణ్ణి."

"నేనూ క్రైస్తవురాలినే దొరా. కొయ్యడానికి కాదు, నడిపించడానికి."

కోడి వచ్చింది. మా అత్త దాన్ని కుండలో గట్టిపడిన ముద్ద మీదికి వదిలింది. కోడి అటూ ఇటూ నడిచింది. కోడి అన్నాక చేసే ఇంకో పని కూడా చేసింది. దొర నా వైపు చూశాడు. నేను తుడిచాను. ఆ తర్వాత ఏమవుతుందోనని ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. ఏమీ కాలేదు.

అప్పుడు గుర్తుకొచ్చిందట మా అత్తకి. పెర్నంబూకోలో ఒక వానాకాలం ఆవిడ కోళ్ళు గూట్లోంచి తప్పించుకుని, బురద కాళ్ళతో పక్క కొట్టులోకి దూరి కుండలన్నీ తొక్కేశాయి. అందుకు ఆవిడకి పన్నెండు కొరడా దెబ్బలు పడ్డాయి. రెండు వారాల తర్వాత అక్కడి చక్కెర మేస్త్రీ ఆవిడ్ని పిలిచి కుండ చూపించాడు. కోడి కాలు పడినచోటల్లా, ఆ మూడు వేళ్ళ గుర్తు కింద, చక్కెర తెల్లగా ఉంది. కొట్టించినందుకు ఏమీ అనలేదు గానీ, చూపించాడు. ఆవిడకి దెబ్బలే గుర్తున్నాయి, తెలుపు మర్చిపోయింది. ఇప్పుడు రెండూ కలిసి గుర్తుకొచ్చాయి.

"కాళ్ళకి బురద ఉండాలి. వాగు ఒడ్డున తెల్లమట్టి," అంది నా వైపు తిరిగి, ఏదో తన కొట్టే అయినట్టు. నేను వెళ్ళి తెచ్చి కలిపాను. కోడి కాళ్ళు అందులో ముంచి మళ్ళీ నడిపించింది.

రెండు వారాలకి ఆ ఎండిన బురద గీకి చూస్తే, నల్లటి ముద్దలో మూడేసి వేళ్ళ తెల్లటి గుర్తులు. దొర వేలితో తీసి నాకాడు. మళ్ళీ నాకాడు. దొరసానిని పిలిపించాడు. ఆవిడ గౌను పైకెత్తి పట్టుకుని వచ్చి, చూసి, "కోడి అంత పని చేసిందా," అంది. ఆ పూట మా అత్తకీ కసూలెకీ గుడిసె ఇచ్చారు. కోడికి కూడా వేరే గూడు కట్టించారు. కోడిదే కాస్త నయంగా ఉండేది.

రెండో ఏడు నాకు అసలు సంగతి బోధపడింది. బురద ఎంత మందంగా పడితే అంత తెలుపు. ఆ మట్టిలో ఉన్న తడి మెల్లమెల్లగా కిందికి దిగుతూ మడ్డిని కడిగేస్తోంది. కుండ నిండా బురద పరిస్తే పైభాగమంతా తెల్లబడుతుంది. ఏదో పెద్ద రహస్యం కనిపెట్టినట్టు వెళ్ళి మా అత్తకి చెప్పాను.

"తెల్లబరిచేది కోడి కాదు, బురద."

"తెలుసు. నోరు ముయ్యి."

"తెలిసీ దొరకి చెప్పవేం?"

"బురద ఎవడైనా పరుస్తాడు. నువ్వు కూడా పరుస్తున్నావు కదా. కోళ్ళని నేనే పెంచాల," అంది మేత చల్లుతూ. "వాడికి నేను కావాలా వద్దా?"

అప్పటి నుంచి కుండ నిండా నేను బురద పరిచేవాణ్ణి. పైన కోడి ఒక చుట్టు నడిచేది. దాని వెనకాల మా అత్త, పెళ్ళికి నడుస్తున్నంత గంభీరంగా నడిచేది. చక్కెర తెల్లగా దిగింది. ఓడల్లో లండన్ వెళ్ళింది. ఆ వెటకారం వ్యాపారి ఈసారి, ఇంకా పంపండి అని మాత్రమే రాశాడు.

ఇక మా అత్త నోటికి అడ్డు లేకుండా పోయింది. ఏడాదికొక నియమం పుట్టించేది. చక్కెర కోళ్ళకి మొక్కజొన్న గింజలు బాగా వెయ్యాలంది. ఆ గింజల్లో సగం మా సంకట్లోకి వచ్చేవి. చక్కెర కోళ్ళ గుడ్లు తెల్లవాళ్ళు తినకూడదంది. తింటే కోడి కాలిలో ఉన్న తెలుపు తిన్నవాళ్ళలోకి వెళ్ళిపోతుందట. దొర భయపడి దొరసానికి కూడా గుడ్లు మాన్పించాడు. ఆ గుడ్లు మా పిల్లలు తిన్నారు. కోడిని నడిపే మనిషి చెరుకు కొట్టకూడదు, ఎండలో నిలబడకూడదు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం, కోళ్ళ పని ఒకే రక్తం వాళ్ళు ఇద్దరు కలిసి చెయ్యాలి. ఇది విన్నప్పుడు దొర కాస్త ఆలోచించి, "తల్లీ కూతురూ అయితే సరిపోతుందా?" అని అడిగాడు. "సరిపోతది దొరా," అంది మా అత్త, పోనీలే సర్దుకుందాం అన్నట్టు.

ఇదంతా నవ్వుతూ చెబుతున్నానని మా తోటలో నవ్వులు పండాయనుకోకండి. కుండల కొట్టు గోడకి అవతల గానుగ ఉండేది. ఆ గానుగ పక్కన ఎప్పుడూ ఒక గొడ్డలి తగిలించి ఉండేది. చెరుకుతో పాటు చెయ్యి గానుగ దుంగల మధ్యకి పోతే, మనిషి మొత్తం పోకుండా చెయ్యి నరకడానికి. అది వాడగా నేను రెండుసార్లు చూశాను. మా అత్త కోడి వెనకాల నడిచేటప్పుడు నవ్వు వచ్చేది నిజమే. ఆ గొడ్డలి కనిపించగానే ఆ నవ్వు ఎందుకో కూడా అర్థమయ్యేది. ఆవిడ తన కూతుర్ని ఆ గోడకి ఇవతల ఉంచడానికి ఒక కోడిని అడ్డం పెట్టింది.

కసూలెకి పద్దెనిమిదేళ్ళు నిండాక, తనని నాకిమ్మని అడగడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అడిగిన రోజు మా అత్త నన్ను పైనుంచి కిందికి చూసింది.

"పుట్టిన వారమే పేరుగా పెట్టుకునే జాతి మీది. పేరు కూడా వెతుక్కోలేని బద్ధకం. మా పిల్లని ఏం పోషిస్తావు?"

"ఆఖరి బిడ్డకి ఆఖరి బిడ్డ అని పేరు పెట్టడానికి మీరు మాత్రం చాలా కష్టపడ్డట్టున్నారు," అన్నాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. కసూలె గుడిసె వెనకాల నిలబడి ఇంకా ఎక్కువ నవ్వింది. అలా నేను ఆ ఇంటి అల్లుణ్ణయ్యాను. అయ్యాక కూడా నా మీద నమ్మకం కుదరడానికి ఇంకో ఏడు పట్టింది.

వాళ్ళు వచ్చిన తొమ్మిదో ఏడు ట్రెవాన్ దొర వచ్చాడు. అతనిది నీవిస్ దీవి, ఓడలో వారం ప్రయాణం. అక్కడ కొత్తగా చెరుకు వేశాడు. మా దొర ఇంట్లో దిగి, భోజనం దగ్గర తెల్ల చక్కెర చూసి, ఎలా చేశావని అడిగాడు. మా దొరకి ఈ విషయం చెప్పుకోవడమంటే పండగ. కొట్టుకి తీసుకొచ్చి అన్నీ చూపించాడు, కోళ్ళని పేరుపేరునా పరిచయం చేశాడు. ట్రెవాన్ బక్కపలచటి మనిషి, ఎక్కువ మాట్లాడడు, ప్రతి కుండలోకీ వంగి చూస్తాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

రెండో రోజు వడ్డించే మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పింది. ట్రెవాన్ దగ్గర ఇంగ్లాండు నుంచి తెప్పించిన రాగి కాగులు రెండు ఉన్నాయి. మా దొరకి అవి కావాలి. ట్రెవాన్‌కి కోడి పని తెలిసిన మనిషి కావాలి. ఆ పని తెలిసినవాళ్ళు మన దగ్గర ఇద్దరున్నారు కదా, ముసలిదాన్ని ఉంచుకుని కూతుర్ని ఇస్తానన్నాడు మా దొర. ఒకే రక్తం వాళ్ళు ఇద్దరుండాలి కదా అని ట్రెవాన్ అడిగితే, "దాని కడుపులో ఒకటుంది, అది కొసరు. పుట్టాక ఇద్దరవుతారు," అన్నాడట.

కొసరు. నా బిడ్డ. ఆ మాట విన్నాక నా చేతిలో ఉన్న బురద తట్ట ఎక్కడ పెట్టానో నాకు తెలియదు.

మా అత్త ఆడిన అబద్ధమే మా మెడకి చుట్టుకుంది. ఆ పని అంత గొప్పది కాకపోయి ఉంటే కసూలెని ఎవడూ అడిగేవాడు కాదు. ఆ సంగతి ఆవిడ ముందు అనకూడదని తెలుసు, అయినా కోపంలో అనేశాను. ఆవిడ వెళ్ళి కోళ్ళ గూడు ముందు కూర్చుంది. పారిపోదామన్నాను. "ఈ దీవిలో ఎటు పరుగెత్తినా సాయంత్రానికి సముద్రమే," అంది. తర్వాత ఒక పెట్టని ఒళ్ళో పెట్టుకుని, దాని వీపు నిమురుతూ మాట్లాడింది.

"నిజం చెప్పేస్తాను అల్లుడూ. మట్టి పరిస్తే చాలంటే ఇంక పిల్లని ఎవడు కొంటాడు?"

"చెబితే ఏమవుద్దో తెలుసా అత్తా?"

"తెలుసు. కోళ్ళు పోతాయి. నేను చెరుకు తోటలోకి పోతా. అదీ పోద్ది. కాకపోతే ఇద్దరం ఒకే తోటలోకి పోతాం."

ఆవిడే మళ్ళీ అంది, కాస్త గొంతు తగ్గించి.

"ఇంతకీ బురదేనంటావా?"

"నువ్వే కదా నాతో అన్నది."

"నేనన్నాను సరే. తొమ్మిదేళ్ళలో కోడి తొక్కని కుండ ఒక్కటైనా ఉందా?"

లేదు. నేను ఎంత వెతుక్కున్నా ఒక్కటీ గుర్తుకు రాలేదు. అందరి చెవుల్లో పువ్వులు పెట్టిన మనిషి తన చెవిలో కూడా ఒకటి పెట్టుకుందని అప్పుడు తెలిసింది. నిజం చెప్పాలంటే నా చెవిలోనూ ఒకటి ఉంది.

ఆ మధ్యాహ్నం దొరలిద్దరూ వరండాలో కూర్చుని ఉండగా మా అత్త వెళ్ళి మెట్ల కింద నిలబడింది. నేను కాస్త వెనకాల నిలబడ్డాను.

"దొరా, కోడి సంగతి అబద్ధం. మట్టే తెల్లబరుస్తది. కోడితో పని లేదు."

మా దొర ముందు ఆవిడ్ని చూశాడు, తర్వాత ట్రెవాన్‌ని చూశాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "కూతురు వెళ్ళిపోతుందని ఎంత కథ అల్లిందో చూశారా. తొమ్మిదేళ్ళుగా నా కళ్ళతో నేను చూశాను. కోడి నడిచింది, చక్కెర తెల్లబడింది."

"నా మాట నమ్ము దొరా. నేను అబద్ధాలకోరుదాన్ని."

ఆ ముక్కకి ట్రెవాన్ కుర్చీలో ముందుకి జరిగాడు. "ఓడ వెళ్ళడానికి ఇంకా నెల ఉంది. ఒక కుండకి మట్టి మాత్రమే పరిచి చూద్దాం," అన్నాడు.

"కొట్టులో పెడితే వీళ్ళు దొంగతనంగా కోడిని తొక్కిస్తారు. లేదా తొక్కనివ్వరు," అన్నాడు మా దొర. ఏది జరుగుతుందో ఆయనకే తేలలేదు.

"అయితే నా గదిలో పెట్టండి," అన్నాడు ట్రెవాన్.

అలా ఒక చక్కెర కుండ మేడ మీదికెక్కి అతిథి మంచం పక్కన కూర్చుంది. నేనే మోసి, పైన మందంగా మట్టి పరిచి, కింద మడ్డికి బోలె పెట్టాను. ట్రెవాన్ గదికి తాళం వేసుకుని తాళంచెవి మెళ్ళో కట్టుకున్నాడు. మూడు రోజులకొకసారి మట్టి తడపడానికి మా అత్త నీళ్ళు తీసుకుని వెళ్ళేది. వెళ్ళిన ప్రతిసారీ గుమ్మం దగ్గర మా దొర ఆవిడ బట్టలు దులిపించి చూసేవాడు, కోడిపిల్ల ఏదైనా దాచిందేమోనని. అయిదో రోజుకి గదిలోకి చీమలొచ్చాయి. పదో రోజుకి దుప్పట్లోకి వచ్చాయి. మంచి దుప్పట్లు పాడయ్యాయని దొరసాని రెండు పూటలా సణిగేది. ట్రెవాన్ మొహం నిండా దద్దుర్లతో కిందికి దిగి, నోరెత్తకుండా తిని, మళ్ళీ వెళ్ళి కుండ పక్కన కూర్చునేవాడు. వంటపాకలో మేమందరం ఆయన్ని పొదుగుకి కూర్చున్న దొర అనేవాళ్ళం.

మా అత్త మాత్రం నవ్వలేదు. ఆ రోజుల్లో ఆవిడ సరిగ్గా తినలేదు. మేరీమాతకి మొక్కింది. భారమంతా ఆవిడ మీదే వదిలేస్తే బాగుండదని వాళ్ళ పెద్దలకీ మొక్కింది. నేను మా వైపు పెద్దలకి చెప్పుకున్నాను. కసూలె మాకిద్దరికీ సంకటి పెట్టి, ఎదురుగా కూర్చుని, ఏమీ అడిగేది కాదు. నాకు చాలా భయం వేసింది. గానుగ దగ్గర కూడా అంత భయం వెయ్యలేదు.

ఇరవై రెండో రోజు కుండ కిందికి దింపించారు. భోజనాల బల్ల మీద పళ్ళెం పెట్టి, ఎండిన మట్టి బిళ్ళ ఊడదీసి, కుండ బోర్లించాను. ముద్ద జారి పళ్ళెంలో పడింది. పక్కకి తిప్పి పడుకోబెట్టాను. మట్టి పరిచిన వైపు సగం మేర తెల్లగా ఉంది. ఇన్నేళ్ళలో మేము తీసిన ఏ కుండకీ తీసిపోదు.

మా అత్త ఉన్నచోటే నేల మీద కూలబడింది. దొరల ముందు మాలో ఎవరూ అలా కూర్చోకూడదు. లేవమని చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

మా దొర ఆ తెలుపుని గోటితో గీకి చూశాడు. తర్వాత ట్రెవాన్ వైపు తిరిగి, "కిటికీ తెరిచి పడుకున్నారా?" అన్నాడు.

"గాలి ఆడాలి కదా. తెరిచాను."

"అదీ సంగతి."

"మేడ మీద గది పెన్‌ఫోల్డ్."

"కోడికి రెక్కలుంటాయి," అన్నాడు మా దొర.

ట్రెవాన్ ఆయనతో వాదించలేదు. మొహం గోక్కుంటూ లేచాడు. "నీ కోళ్ళు నువ్వు ఉంచుకో. నా కాగులు నేను ఉంచుకుంటాను. నాకు మనిషి అక్కర్లేదు, మట్టి చాలు," అన్నాడు. వెళ్ళేటప్పుడు మా వాగు మట్టి రెండు పీపాలు నింపించుకుని మరీ వెళ్ళాడు, నీవిస్‌లో మట్టి లేనట్టు.

దొరకి రెండు రోజులు అన్నం సయించలేదు. కాగులు పోయాయి, పరువూ పోయింది. రేవులో ప్రతివాడూ ఆయన్ని చూసి రెక్కలాడించడం మొదలుపెట్టాడు. మూడో రోజు మా అత్తని పిలిపించాడు. ఆవిడ తొమ్మిదేళ్ళు తనకి అబద్ధం చెప్పిందో, మొన్న చెప్పింది అబద్ధమో ఆయన తేల్చుకోలేకపోయాడు. అందుకని రెండింటికీ కలిపి శిక్ష వేశాడు. తల్లీ కూతుళ్ళిద్దరూ చెరుకు తోటలోకి. కోళ్ళని ఆయనే తీసుకున్నాడు. ఆ ఏటి నుంచి పెన్‌ఫోల్డ్ దొర కుండల కొట్టులో కీళ్ళనొప్పి కాళ్ళతో స్వయంగా కోడి వెనకాల నడిచేవాడు. నేను బురద పరిచేవాణ్ణి. చక్కెర ఎప్పటిలాగే తెల్లగా దిగేది. కోడి నమ్మకమైనదనీ మనుషులే కాదనీ ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చచ్చేదాకా ఆయనకి కోడి మీద నమ్మకం చెక్కుచెదరలేదు. నాకు ఆయన మీద జాలి ఎప్పుడూ కలగలేదు, ఇప్పుడు కూడా కలగడం లేదు.

తోటలో మొదటి రోజు సంగతి కూడా చెప్పాలి. ముసలివాళ్ళనీ కడుపుతో ఉన్నవాళ్ళనీ కలుపు తీసే గుంపులో వేస్తారు. మధ్యాహ్నం నేను బురద తట్టతో వాగు నుంచి వస్తూ గట్టు మీద ఆగాను. తొమ్మిదేళ్ళుగా వంగని మనిషి వంగి ఉంది. చెరుకాకు కోసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా గీరుకుపోయాయి. కసూలె ఆ చేతులు చూసి కలుపు మానేసి ఏడుస్తోంది.

"నావల్లే కదమ్మా ఇదంతా."

"నీవల్లేనే. ఇంకెవరి వల్ల," అంది మా అత్త నడుం పట్టుకుని లేస్తూ. కసూలె ఆవిడకంటే జానెడు పొడుగు. ఆవిడ కూతుర్ని ఎగాదిగా చూసి, సూర్యుడు ఎటున్నాడో చూసి, "ఏడవడం అయ్యాక కాస్త ఇటు జరుగు. నీ నీడలో నిలబడతాను," అంది.

కసూలె జరిగింది. ఆ పూటంతా ఇద్దరూ ఒకే సాలులో నడిచారు.